తిప్పతీగ కషాయం, కామెర్లు: ఒక కేసు పూర్తి వివరాలు

పేషెంటు 46 ఏళ్ల మహిళ. సొంతూళ్లో టైలరింగ్ షాపు నడుపుతారు. షుగర్ లేదు, బీపీ లేదు, మద్యం అలవాటు లేదు. చాలా ఏళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉండటంతో రోజూ 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటారు. మా దగ్గరకు వచ్చేసరికి పది రోజులుగా ఆకలి లేదు, అన్నం ఉడుకుతున్న వాసనకే వికారం, మూత్రం ముదురు రంగు, ఒళ్లంతా దురద. కళ్లు పచ్చబడ్డాయని షాపుకొచ్చిన ఒకావిడ చెబితే గానీ ఇంట్లో ఎవరూ గమనించలేదు. పక్క ఊళ్లో కామెర్లకు పసరు పోస్తారని బయల్దేరబోతుంటే కొడుకు పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

మొదటి రోజు పరీక్షల్లో, కామెర్ల పసుపు రంగుకు కారణమైన బిలిరుబిన్ 11.4 వచ్చింది. మామూలుగా 1.2 లోపు ఉండాలి. ఎస్‌జీపీటీ 1126, ఎస్‌జీఓటీ 984. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములివి, రెండూ 40 లోపు ఉండాల్సినవి. పైత్యనాళాల్లో ఇబ్బంది ఉంటే బాగా పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 168, అంటే హద్దు 120కి కాస్త పైన. కాలేయం తయారుచేసే ప్రొటీన్ అల్బుమిన్ 3.4. రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్‌ఆర్ 1.5. ఎస్‌జీపీటీ తన హద్దుకు ఎన్ని రెట్లుందో, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తన హద్దుకు ఎన్ని రెట్లుందో లెక్కేసి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. అది 5 దాటితే దెబ్బ నేరుగా కాలేయ కణాలకే తగిలినట్టు, 2 లోపుంటే పైత్యరసం పారే దారుల్లో ఇబ్బంది ఉన్నట్టు. ఈమెకు 20 వచ్చింది. రాళ్లు, నాళాల అడ్డంకి లాంటివి ఆ అంకెతోనే వెనక్కి వెళ్లిపోయాయి. స్కానింగ్‌లో కూడా నాళాలు మామూలుగానే ఉన్నాయి, కాలేయం మాత్రం కాస్త ఉబ్బి ఉంది.

వానాకాలంలో ఇలాంటి రిపోర్టు చూస్తే మాకు ముందు గుర్తొచ్చేవి నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ. రెండూ నెగెటివ్. బి, సి నెగెటివ్. రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు పరీక్ష, గుండె పరీక్ష కూడా మామూలుగానే వచ్చాయి. జ్వరానికని పారాసిటమాల్ మింగిన దాఖలా లేదు.

"అది మందేంటండి?"

ఇలాంటి కేసులో సగం రోగనిర్ధారణ మాటల్లోనే జరుగుతుంది.

"మందులేమైనా వాడారా అమ్మా?"

"థైరాయిడ్ బిళ్ల తప్ప ఏం లేదండి."

"నాటు మందులు? ఆయుర్వేదం?"

"అబ్బే, అలాంటివేం లేవండి డాక్టరు గారూ."

ఇక్కడితో ఆపేస్తే కేస్ షీట్‌లో 'మందుల చరిత్ర లేదు' అని పడిపోతుంది. అడిగే తీరు మార్చాను. "పొద్దున లేచాక టిఫిన్ తినేలోపు కడుపులోకి ఏమేం వెళ్తాయో వరసగా చెప్పండి" అన్నాను.

"లేవగానే థైరాయిడ్ బిళ్ల. అరగంటాగి తిప్పతీగ కషాయం. ఆ తర్వాత టీ."

పక్కనున్న భర్త వెంటనే అందుకున్నారు. "అది మందేంటండి? మా పెరట్లో వేపచెట్టు మీద పాకిన తీగ. ఇంటిల్లిపాదీ తాగాం, మాకేం కాలేదు కదా."

సంగతేమిటంటే ఆ సీజన్లో వాళ్ల వీధిలో డెంగీ కేసులు వచ్చాయి. కొడుక్కి కూడా వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఆ టెన్షన్‌లో కొడుక్కి బొప్పాయి ఆకు రసం, ఇంట్లో అందరికీ తిప్పతీగ కషాయం మొదలుపెట్టారు. చేదు భరించలేక తండ్రీకొడుకులు రెండు వారాల్లోనే మానేశారు. ఈమె మానలేదు. తాగుతుంటే మోకాళ్ల నొప్పులు తగ్గినట్టు, కాస్త ఓపిక వచ్చినట్టు అనిపించిందట. ఏడు వారాల పాటు ఒక్క రోజు కూడా తప్పలేదు. కామెర్లు మొదలయ్యాక నీరసం తగ్గుతుందని ఇంకాస్త చిక్కగా కాచుకుని తాగారు. ఈ చివరి ముక్క ఆమె చాలా మామూలుగా చెప్పారు, నాకు మాత్రం అన్నిటికంటే ఆందోళన కలిగించింది అదే.

తీగ ఏది, ఎంత తాగారు

2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని తోసిపుచ్చింది. వాడిన మొక్క ఏదో సరిగ్గా తేల్చలేదని, అది అదే కుటుంబంలోని టైనోస్పోరా క్రిస్పా అనే వేరే జాతి అయి ఉండొచ్చని అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. పేషెంటు చెప్పిన పేరును నమ్మి మొక్క మీద నేరం మోపకూడదు. అందుకే మా కేసులో తీగనే తెప్పించాం.

భర్త మర్నాడు సంచిలో మూరెడు కాడ, ఆకులు తెచ్చారు. దగ్గరి డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్‌కు చూపించాం. ఆకు తమలపాకును పోలిన హృదయాకారం, అడుగు వైపు నూగు లేదు. కాడ మీద పలచటి బూడిదరంగు పొర కాగితంలా ఊడి వస్తోంది, గోటితో గీరితే కింద పచ్చగా ఉంది. కాడ మీద చిన్న చిన్న బుడిపెలున్నా అవి అక్కడక్కడ మాత్రమే. క్రిస్పా కాడ నిండా పులిపిర్ల లాంటి గడ్డలుంటాయి. దీనికి లేవు. టైనోస్పోరా సైనెన్సిస్ అనే మరో దగ్గరి జాతికి ఆకు అడుగున దట్టమైన నూగు ఉంటుంది. అదీ కాదు. ఇది అసలు సిసలు తిప్పతీగే, టైనోస్పోరా కార్డిఫోలియా. పైగా వేపచెట్టు మీద పాకింది, మన పెద్దలు శ్రేష్ఠమని చెప్పే రకం.

పెరట్లో పెరిగింది కాబట్టి ఇంకో రెండు అనుమానాలు కూడా తీరిపోయాయి. కొన్న పొడుల్లో కల్తీ ఉందా, పాదరసం, సీసం లాంటి లోహాలు కలిశాయా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. పురుగుమందు కొట్టే చేను కూడా పక్కన లేదు.

రోజూ ఎంత కాడ దంచుతారో అంతే కోసిమ్మని అడిగి తూకం వేశాం. పచ్చి కాడ 60 గ్రాముల దగ్గర తూగింది. దాన్ని రెండు గ్లాసుల నీళ్లలో వేసి ఒక గ్లాసు అయ్యేదాకా కాచి వడకట్టేవారు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా ప్రకారం కషాయానికి 20 నుంచి 30 గ్రాముల ద్రవ్యం, పొడిగా అయితే 3 నుంచి 6 గ్రాములు. పచ్చి కాడలో ఎక్కువ భాగం నీరే కాబట్టి ఎండు లెక్కన చూస్తే ఈమె తాగింది ఆ మోతాదు దాటలేదు. కాబట్టి 'అతిగా తాగి ఉంటుంది' అనే సులువైన సమాధానం కూడా ఇక్కడ కుదరదు. దాటింది కాలం. కోవిడ్ సమయంలో 2020 అక్టోబరులో కేంద్రం విడుదల చేసిన ఆయుష్ ప్రోటోకాల్‌లో కూడా గుడూచి ఘనవటి, అంటే తిప్పతీగ సారంతో చేసిన మాత్ర, 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 15 రోజులు లేదా నెల అని ఒక గడువు ఉంది. మన ఇళ్లలో ఆ గడువు సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ చేదులో ఏముంది

తిప్పతీగను నేను ఉత్తి ఆకుపసరుగా కొట్టిపారేసే మనిషిని కాదు. చాలా మందులకు లేనంత రసాయన సంపద ఈ కాడలో ఉంది. కోసిన కాడలో కనిపించే పసుపు రంగు బెర్బెరిన్, పాల్మటైన్ లాంటి ఆల్కలాయిడ్లది. మాగ్నోఫ్లోరిన్ అనే ఇంకో ఆల్కలాయిడ్ ఉంది. కార్డిఫోలియోసైడ్, సిరింజిన్, టైనోకార్డిసైడ్ అనే గ్లైకోసైడ్లున్నాయి. నాలుకను పట్టేసే చేదుకు కారణం కొలంబిన్, టైనోస్పోరైడ్ వంటి డైటర్పీన్లు. కాడ దంచి నీళ్లలో పిసికి తేర్చితే అడుగున తెల్లగా దిగే తిప్పసత్తు చాలావరకు పిండిపదార్థం. నీళ్లలో కరిగే పాలీశాకరైడ్లు, అంటే పొడవాటి చక్కెర గొలుసులు, వేరే ఉన్నాయి. వాటిలో అరాబినోగలాక్టాన్ రకానికి చెందిన జి1-4ఎ అనేదాని మీద ముంబయి భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చాలాకాలం పనిచేశారు.

ఈ జి1-4ఎ చేసే పని మన కేసుకు ముఖ్యం. రోగనిరోధక కణాల మీద టోల్-లైక్ రిసెప్టర్ 4 అనే గ్రాహకం ఉంటుంది. బాక్టీరియా గోడ ముక్కలు తగిలితే మేల్కొనేది అదే. ఈ పాలీశాకరైడ్ కూడా దాన్నే మేల్కొల్పుతుంది. క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు చురుకెక్కుతాయి. మాగ్నోఫ్లోరిన్, సిరింజిన్, కార్డిఫోలియోసైడ్ కూడా ల్యాబ్ పరీక్షల్లో ఆ దిశగానే పనిచేశాయి. జనం 'ఇమ్యూనిటీ పెరుగుతుంది' అంటున్నది గాలిమాట కాదు.

మనుషుల మీద జరిగిన పరీక్షలు కూడా ఉన్నాయి. ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పైత్యనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన 30 మంది మీద చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. ఆపరేషన్‌కు ముందు తిప్పతీగ ఇచ్చినవాళ్లలో ఇన్ఫెక్షన్ల బెడద తక్కువగా కనిపించింది. అలర్జీతో ముక్కు కారే 75 మందికి 8 వారాలు ఇచ్చి చూసిన పరీక్ష 2005లో వచ్చింది. తుమ్ములు, ముక్కు కారడం తగ్గాయని తేల్చారు. రెండూ చిన్న అధ్యయనాలే. వాటిని పట్టుకుని ఇంటిల్లిపాదికీ పోసేయమని ఎవరూ చెప్పలేరు. కానీ తీగకు శక్తి ఉందనడానికి ఆధారం ఉంది. శక్తి ఉన్న ప్రతిదానికీ అది పడని మనుషులు కొందరుంటారు. మా ఓపీలో మేము చూసేది ఆ కొందరినే.

ఎందుకు పడదు అనేదానికి రెండు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది, పైన చెప్పిన ఉత్తేజమే. ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ అప్పటికే సొంత కణాల మీద అనుమానంతో ఉంటే, దాన్ని ఇంకా రెచ్చగొట్టినట్టవుతుంది. ఈమె థైరాయిడ్ తక్కువకు కారణం వెతికితే యాంటీ-టీపీఓ యాంటీబాడీలు బాగా ఎక్కువగా ఉన్నాయి. అంటే థైరాయిడ్‌ను సొంత ఒళ్లే దెబ్బతీస్తోంది. ఆ సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు, థైరాయిడ్ పేషెంట్లలో చాలామందికి తెలియదు. రెండోది కొలంబిన్ లాంటి డైటర్పీన్లలో ఉండే ఫ్యూరాన్ వలయం. కాలేయంలోని ఎంజైములు ఆ వలయాన్ని విరిచినప్పుడు కణాల ప్రొటీన్లకు అతుక్కునే చురుకైన పదార్థం పుట్టగలదు. ఫ్రాన్స్‌లో బరువు తగ్గడానికి వాడిన జర్మాండర్ అనే మూలికతో ఎందరికో హెపటైటిస్ వచ్చి 1992లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. అందులో దోషి అని తేలినవి ఇదే కోవకు చెందిన డైటర్పీన్లు. తిప్పతీగ విషయంలో మనుషుల్లో ఈ రెండో దారి ఇంకా రుజువు కావాలి. ఈమె రిపోర్టులు మాత్రం మొదటి దారినే చూపించాయి.

రెండు స్కోర్ల తగువు

కషాయం ఆపించాం. వారానికి ఎస్‌జీపీటీ 690కి దిగింది. బిలిరుబిన్ మాత్రం 16.8కి ఎగబాకింది, ఐఎన్‌ఆర్ 1.7. ఎంజైములు తగ్గడం చూసి కుటుంబం సంతోషించింది, నేను సంతోషించలేదు. మంట ఆరిపోతున్నా ఎంజైములు తగ్గుతాయి, కాలడానికి కణాలు మిగలకపోయినా తగ్గుతాయి. ఏది నిజమో ఐఎన్‌ఆర్ చెబుతుంది. విటమిన్ కె ఇంజెక్షన్లు మూడు రోజులిచ్చి చూస్తే 1.4కి దిగింది. కాలేయంలో ఇంకా సత్తువ ఉందని, మాట తడబడటం, మగత లాంటివి కూడా లేవని నిర్ధారించుకుని బయాప్సీకి వెళ్లాం.

అప్పటికి రక్తపరీక్షల్లో సొంత కణాల మీదికే వెళ్లే యాంటీబాడీ ఏఎన్‌ఏ 1:160 పాజిటివ్, రక్తంలోని యాంటీబాడీ ప్రొటీన్ ఐజీజీ 2240 (హద్దు 1600) వచ్చాయి. బయాప్సీ ముక్కలో పోర్టల్ ప్రాంతాల అంచులు తినేసినట్టున్న ఇంటర్‌ఫేస్ హెపటైటిస్, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు, వాటి మధ్య అలర్జీల్లో, మందులు పడనప్పుడు పెరిగే ఇసినోఫిల్స్ గుర్తుపట్టేటన్ని, అక్కడక్కడ గడ్డకట్టిన పైత్యం. మచ్చకట్టడం చాలా స్వల్పం, సిర్రోసిస్ లేదు.

ఇక్కడే చిక్కు మొదలైంది. సొంత రోగనిరోధక వ్యవస్థే కాలేయాన్ని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనే జబ్బుకు ఒక సరళమైన స్కోరు ఉంది. యాంటీబాడీకి 2, ఐజీజీకి 2, వైరస్ లేనందుకు 2, బయాప్సీ సరిపోతున్నందుకు 1. మొత్తం 7. ఆ స్కోరు ప్రకారం 7 వస్తే జబ్బు ఖాయం. మందుల వల్ల కాలేయం దెబ్బతిందా అని చూసే రూకామ్ స్కోరులో కాలవ్యవధికి 2, ఆపాక నెలలోపు ఎస్‌జీపీటీ సగానికి పైగా తగ్గినందుకు 2, వైరస్, నాళాల జబ్బుల వంటి ముఖ్య కారణాలు తేలనందుకు 1, ఇంతకు ముందు ఇలాంటి కేసులు ప్రచురితమైనందుకు 1. మొత్తం 6, అంటే 'బహుశా'. స్టెరాయిడ్ కూడా ఇచ్చాం కాబట్టి ఆ రెండో 2 మీద నాకు పూర్తి నమ్మకం లేదు.

ఒక స్కోరు పుట్టుకతో వచ్చిన ధోరణి అంటోంది, ఇంకోటి తీగ అంటోంది. తేడా కాగితం మీదిది కాదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అయితే చాలామందికి ఏళ్ల తరబడి, ఒక్కోసారి జీవితాంతం రోగనిరోధకాన్ని అణచే మందులు వాడాలి. తీగ వల్లే అయితే కొన్ని నెలల వైద్యంతో బయటపడొచ్చు.

2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది తిప్పతీగ బాధితుల వివరాలు ఒకచోట చేర్చిన అధ్యయనం వచ్చింది. మొదలుపెట్టిన రోజు నుంచి లక్షణాలు కనిపించేదాకా మధ్యస్థ అంకె 46 రోజులు, అంటే సగం మందికి ఆ లోపే కనిపించాయి. ఎక్కువమంది వాడింది కొన్న మాత్రలు కాదు, పచ్చి తీగే. మూడింట రెండు వంతుల మందిలో ఆటో యాంటీబాడీలు కనిపించాయి. దాదాపు సగం మందికి అప్పటికే కాలేయ జబ్బు ఉంది, ఆ సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. మా పేషెంటు ఏడు వారాలు, పచ్చి తీగ, యాంటీబాడీలు అన్నీ ఆ చిత్రంలో చక్కగా ఒదిగిపోయాయి. ఒదిగిపోవడం రుజువు కాదు గానీ ఏ వైపు అడుగెయ్యాలో చెబుతుంది.

వైద్యం

బిలిరుబిన్ 16 దాటి ఐఎన్‌ఆర్ పెరిగినవారిలో చేతులు కట్టుకుని కూర్చోలేం. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. నాలుగు వారాలకు బిలిరుబిన్ 4.1, ఎస్‌జీపీటీ 148. మూడు నెలలకు అన్నీ హద్దుల్లోకి వచ్చాయి, ఐజీజీ 1420. ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో మామూలుగా కలిపే, రోగనిరోధకాన్ని అణచే అజాథయోప్రిన్ మందును కావాలనే కలపలేదు. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి పూర్తిగా ఆపి చూడాలన్నది మొదటి నుంచీ నా ఆలోచన. ఆపాక కాలేయం నిలకడగా ఉంటే తీగ వల్ల వచ్చిందని, మళ్లీ రగిలితే అసలు జబ్బేనని తేలుతుంది.

మధ్యలో ఇబ్బందులు లేకపోలేదు. పరగడుపు షుగర్ 150 దాకా వెళ్లింది. నిద్ర పట్టేది కాదు. "మొహం పూరీలా పొంగిపోయింది డాక్టరు గారూ, షాపులో కూర్చోవాలంటే సిగ్గేస్తోంది" అన్నారొకసారి. డోసు తగ్గే కొద్దీ అవన్నీ సర్దుకున్నాయి. ఆరో నెలలో స్టెరాయిడ్ పూర్తిగా ఆపేశాం. ఆ తర్వాతి రెండు చెకప్‌లలోనూ ఎస్‌జీపీటీ 30ల్లోనే ఉంది.

మళ్లీ రగిలింది

మూడో చెకప్‌లో 286 వచ్చింది. ఐజీజీ 1710. ఒంట్లో కాస్త దురద తప్ప ఇబ్బందేమీ లేదు. పుస్తకం ప్రకారమైతే ఇక చర్చ లేదు. స్టెరాయిడ్ ఆపగానే తిరగబెట్టింది, ఇది ఆటోఇమ్యూన్ హెపటైటిస్, మందులు మళ్లీ మొదలుపెట్టి ఏళ్ల తరబడి కొనసాగించాలి. మా టీమ్‌లో కుర్ర డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాయడానికి సిద్ధంగా ఉన్నాడు.

"తిప్పతీగ మళ్లీ తాగారా?" అని అడిగాను. లేదన్నారు. ఆ తీగ కొట్టించేశానని భర్త కూడా చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. అయినా ఒక మాట అడిగాను: ఇంట్లో అల్మరాలో, ఫ్రిజ్ మీద, దేవుడి గూట్లో ఎక్కడున్నా సరే, ఆమె నోట్లో వేసుకునే ప్రతి డబ్బా, సీసా, పొట్లం ఒక సంచిలో వేసుకుని మర్నాడు రమ్మని.

సంచి బల్ల మీద బోర్లిస్తే థైరాయిడ్ మాత్రలు, కాల్షియం, ఒక జలుబు మందు, వాము పొట్లం, ఉసిరి మురబ్బా, వాటితో పాటు 60 మాత్రల ఆకుపచ్చ డబ్బా ఒకటి బయటపడ్డాయి. డబ్బా సగానికి పైగా ఖాళీ. ఆడపడుచు హైదరాబాద్ నుంచి వస్తూ తెచ్చిందట. "జబ్బు చేసి లేచావు కదా వదినా, ఒంట్లో ఇమ్యూనిటీ పెరుగుతుంది, వేసుకో" అని ఇచ్చింది. రోజుకు ఒకటి, ఐదు వారాలుగా. డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాల్లో తిప్పతీగ అన్న మాట ఎక్కడా లేదు. వెనక, భూతద్దం పెట్టుకుని చదవాల్సిన ఇంగ్లిష్ అక్షరాల్లో 'గుడూచి, టైనోస్పోరా కార్డిఫోలియా, కాడ సారం, 500 మిల్లీగ్రాములు' అని ఉంది. నేను చదివి చెప్పాక ఆమె కాసేపు ఆ డబ్బా వంకే చూసి, "ఇదీ అదేనా?" అన్నారు.

స్టెరాయిడ్ మొదలుపెట్టలేదు. డబ్బా మా దగ్గర ఉంచుకుని వారం వారం రక్తం చూస్తామన్నాం. ఐఎన్‌ఆర్ 1.1, బిలిరుబిన్ 1.4 కాబట్టి ఆగే వెసులుబాటు ఉంది. ఆ రెండూ ఎక్కువగా ఉండి ఉంటే ఈ నిర్ణయం తీసుకునేవాణ్ని కాదు. రెండు వారాలకు ఎస్‌జీపీటీ 118. రెండు నెలలకు 34. ఐజీజీ 1390. ఒక్క స్టెరాయిడ్ మాత్ర కూడా ఇవ్వలేదు.

తెలియక మళ్లీ వాడి ఎస్‌జీపీటీ రెట్టింపు దాటితే రూకామ్ స్కోరులో 3 కలుస్తాయి. 6 కాస్తా 9 అయింది. అంటే 'బహుశా' నుంచి 'దాదాపు ఖాయం'కి. కావాలని మళ్లీ ఇచ్చి పరీక్షించడం ప్రాణాలతో ఆట, ఏ వైద్యుడూ చేయకూడదు. ఆడపడుచు ప్రేమ ఆ పరీక్ష మా ప్రమేయం లేకుండానే చేసి పెట్టింది. దాంతో ఏళ్ల తరబడి వాడాల్సి వచ్చే మందుల నుంచి ఆమె తప్పించుకుంది.

ఇంట్లో మిగతావాళ్ల ప్రశ్న

భర్త మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. అందరూ తాగారు, ఆమెకే ఎందుకు? ఇది మోతాదుతో పెరిగే విషం రకం కాదు. పారాసిటమాల్ అతిగా మింగితే ఎవరి కాలేయమైనా దెబ్బతింటుంది. తిప్పతీగ అలా కాదు, కొద్దిమందిలో మాత్రమే, వాళ్ల రోగనిరోధక స్వభావాన్ని బట్టి ప్రతిస్పందన వస్తుంది. పైగా వాళ్లు రెండు వారాల్లో మానేశారు, ఈమె ఏడు వారాలు తాగారు. అందరికీ పడే పెనిసిలిన్ ఒకరికి పడకపోవడం ఎవరికీ వింతగా అనిపించదు, పెరటి తీగ పడకపోతే మాత్రం నమ్మలేకపోతారు.

నాకు బాగా తెలిసిన ఆయుర్వేద వైద్యుడొకాయనతో ఈ కేసు చర్చించాను. ఆయన నాతో వాదించలేదు. తాను గుడూచి రాసేటప్పుడు మనిషిని చూసి, జబ్బును చూసి, గడువు పెట్టి రాస్తానని, వీధి మొత్తానికి ఒకే కషాయం పోయడం తమ శాస్త్రం కూడా ఒప్పుకోదని అన్నారు. థైరాయిడ్, కీళ్లవాతం, సోరియాసిస్, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లకు, లివర్ పరీక్షలు ఎన్నడూ చేయించుకోని షుగర్, ఫ్యాటీ లివర్ పేషెంట్లకు సొంత నిర్ణయంతో తిప్పతీగ వద్దన్న దగ్గర మేమిద్దరం ఒక్కటయ్యాం. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇంకో మెలిక కూడా ఉంది. ఈ తీగ రక్తంలో చక్కెరను తగ్గించగలదు, రెండూ కలిసి మరీ కిందికి దించే ప్రమాదం ఉంది.

వాడుతున్నవాళ్లెవరికైనా ఆకలి చచ్చిపోవడం, కారణం లేని దురద, మూత్రం ముదురు రంగుకు తిరగడం, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆ రోజే ఆపి, లివర్ ఫంక్షన్ టెస్టు చేయించుకోవాలి. నీరసానికి ఇంకాస్త చిక్కగా కాచుకోవడం మాత్రం వద్దు.

తోటి డాక్టర్లకు

మా ఓపీలో ఇప్పుడు 'మందులు వాడుతున్నారా' అనే ప్రశ్న తర్వాత ఇంకో మూడు ఉన్నాయి. పరగడుపున ఏం తాగుతారు? ఈ మధ్య బంధువులెవరైనా ఏదైనా తెచ్చిచ్చారా? ఫోన్లో చూసి ఏమైనా మొదలుపెట్టారా? మూడోదానికి వచ్చే జవాబులు ఒక్కోసారి నవ్వు తెప్పిస్తాయి, ఒక్కోసారి భయం.

ఈమెకు ఒక చిన్న కార్డు రాసిచ్చాం. దాని మీద తిప్పతీగ, గుడూచి, అమృత, గిలోయ్, టైనోస్పోరా అన్న పేర్లన్నీ తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి. ఏ డబ్బా కొన్నా ముందు ఆ కార్డుతో సరిచూసుకోమన్నాం. చివరిసారి చూసేసరికి స్టెరాయిడ్ ఆపి ఏడాది దాటింది. ఎస్‌జీపీటీ 28, ఐజీజీ మామూలే. ఆటోఇమ్యూన్ ధోరణి ఉన్న మనిషి కాబట్టి ఆరు నెలలకోసారి పరీక్ష మాత్రం కొనసాగుతుంది.

కేసును రెండుచోట్ల రిపోర్టు చేశాం. ఆయుష్ మందుల దుష్ప్రభావాల కోసం జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉంది, ఢిల్లీలోని అఖిల భారత ఆయుర్వేద సంస్థ దానికి జాతీయ సమన్వయ కేంద్రం. మామూలు మందులకు ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే కార్యక్రమం ఉంది, టోల్ ఫ్రీ నంబరు 1800 180 3024. పేషెంట్లు కూడా నేరుగా ఫోన్ చేయొచ్చు. ఫారం నింపేటప్పుడు డబ్బా బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాయండి. పచ్చి మొక్క అయితే ఆకులున్న కొమ్మను పాత పేపర్ల మధ్య ఆరబెట్టి దాచండి, మొక్క ఏదన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.